వాయుగుండం రాకముందే సంఘాలకు ఒక హెచ్చరిక

మూడో నంబరు హెచ్చరిక ఎగిరాక సంఘ పెద్దలు మీటింగు పెట్టుకుంటే లాభం లేదు. కృష్ణపట్నం రేవులో ఆ గుర్తు కట్టేసరికి ఈదురుగాలి మొదలైపోయి ఉంటుంది, పాళేల్లో కరెంటు పోయి ఉంటుంది, సెల్‌ఫోన్లలో చార్జింగు అడుగంటుతూ ఉంటుంది. అప్పుడు చేయగలిగింది బహు తక్కువ. అందుకే గాలి లేవకముందే నెల్లూరు తీరాన ఉన్న క్రైస్తవ సంఘాలకు, వాటి కాపరులకు, పెద్దలకు, స్త్రీల సమాజాలకు, యవ్వనస్తులకు ఈ నాలుగు మాటలు. ఉలవపాడు నుంచి వాకాడు దాకా, జిల్లా గీతలు ఎన్నిసార్లు మారినా సముద్రం మారని ఊళ్ళన్నిటికీ ఇవి వర్తిస్తాయి.

అక్టోబరు సగం నుంచి డిసెంబరు సగం దాకా మనకు గండం కాలం. ఈ నేలకు వాన ఇచ్చేదీ ఈశాన్య ఋతుపవనమే, ప్రాణం తీసేదీ అదే. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తుఫాన్లు తీరం దాటాయి. ఆ రెండు పేర్లెత్తితే చాలు, వయసు మళ్ళినవాళ్ళు తమ ఇంటి కప్పు ఎటు ఎగిరిపోయిందో ఇప్పటికీ చేయి చూపించి చెబుతారు. వాళ్ళ మనవళ్ళకు 2023 డిసెంబరు మిచౌంగ్ గుర్తుంటుంది. అది నేల తాకింది బాపట్ల దగ్గరే అయినా మన తీరాన్ని ఒరుసుకుంటూ పైకి పోయింది.

సముద్రం వైపే చూస్తూ కూర్చున్నా మోసపోతాం. 2021 నవంబరులో మనల్ని ముంచింది కెరటం కాదు. కడప వైపు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్ళూ పెన్నా నీళ్ళూ కలిసి సోమశిల జలాశయం మీద పడ్డాయి, గేట్లెత్తి కిందికి వదిలారు. నెల్లూరు అంచుల్లో ఇళ్ళు మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. నెత్తిన వాన లేకపోయినా వీపు వెనక నుంచి నీళ్ళు వస్తాయని ఆ నవంబరు చూపించింది. సోమశిల నుంచి ఎంత వదులుతున్నారో రోజూ కనుక్కునే మనిషి ప్రతి సంఘంలో ఒకరుండాలి.

ఇప్పుడు కొంచెం కటువైన మాట. రేకుల మందిరం తుఫాను షెల్టరు కాదు. మన పాళేల్లో మందిరాలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. నడుమెత్తు ఇటుక గోడ, దాని మీద ఇనప పైపులు, పైపుల మీద రేకులు. ఆ రేకుల్ని పట్టి ఉంచే బోల్టుల్ని ఒకసారి నిచ్చెన వేసుకుని దగ్గరగా చూడండి. ఉప్పుగాలికి తుప్పు తిని ఎర్రగా పొట్టు లేస్తుంటాయి. వాటి కింద రబ్బరు వాషరు ఎండి బీటలిచ్చి ఉంటుంది. చేత్తో రేకు అంచు పట్టుకుని పైకి లేపితే లేస్తుంది. మనిషి చేతికి లేచేది తుఫాను గాలికి ఆగుతుందా? తెరిచిన కిటికీల్లోంచి గాలి లోపలికి దూరి కప్పును కింద నుంచి తోస్తుంది. ఒక్క మూల లేచిందంటే మిగతాది వరసగా పోతుంది. ఎగిరిన రేకు మనిషి మెడ తెగ్గోస్తుంది.

అయినా ప్రతి తుఫానుకీ ఏదో ఒక పాళెంలో ఇదే జరుగుతుంది. రాత్రంతా ఉపవాస ప్రార్థన అని ప్రకటిస్తారు. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని మందిరానికి వస్తారు. తాసిల్దారు పంపిన బస్సు బయట హారన్ కొడుతుంటుంది, ఎవరూ ఎక్కరు. ఎక్కితే విశ్వాసం తక్కువైనట్టు. కాపరిగారు కూడా ఎక్కమని గట్టిగా చెప్పరు, తన విశ్వాసం గురించి నలుగురూ ఏమనుకుంటారోనని. ఇక్కడ మేం మొహమాటం లేకుండా అడుగుతున్నాం. ఈ ధైర్యం ఎవరి ప్రాణం పెట్టి?

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం సముద్రం తెలిసినవాళ్ళు చదవాల్సిన అధ్యాయం. పౌలు ఖైదీగా ఓడెక్కుతాడు. కాలం మించిపోయింది, ఇప్పుడు పోతే సరుకుకే కాదు ప్రాణాలకూ నష్టమని ముందే హెచ్చరిస్తాడు. ఓడ యజమాని మాటకే విలువ దక్కుతుంది, పౌలు మాట ఎవరూ వినరు. తుఫాను పట్టుకున్నాక ఆయన దేవుణ్ణి నమ్ముతూనే చేయాల్సిన పనులు చేయిస్తాడు. చిన్న పడవ దించుకుని పారిపోబోయిన నావికుల్ని ఆపిస్తాడు, రోజుల తరబడి కూడు ముట్టని జనాన్ని బతిమాలి తినిపిస్తాడు. ఓడ ముక్కలైంది గానీ మనుషులందరూ ఒడ్డున పడ్డారు. ప్రార్థన మానమని మేం అనడం లేదు. స్లాబు వేసిన షెల్టరులోనో, ఎత్తు మీదున్న బడిలోనో కూర్చుని చేయమంటున్నాం.

ఇంకో సంగతి పెద్దవాళ్ళకు తెలుసు, కుర్రాళ్ళకు తెలియదు. హోరున వీచిన గాలి ఉన్నట్టుండి ఆగిపోయి ఆకు కూడా కదలకుండా ఉంటే తుఫాను పోయిందనుకోకూడదు. కన్ను మన నెత్తి మీదుందని అర్థం. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా మళ్ళీ అందుకుంటుంది. స్తోత్ర కూడిక పెడదామని ఆ మధ్యలో జనాన్ని బయటికి తీసుకురావద్దు.

సంఘం చేతిలో ఉన్న పనిముట్లలో తుఫానుకి ముందు అన్నిటికన్నా విలువైంది మైకు. తెల్లవారుజామున పాటలు వేస్తే ఊరంతా వినపడుతుందని పక్కవాళ్ళు విసుక్కుంటారే, ఆ మైకే. ఆ వినపడే గుణం ఇప్పుడు పనికొస్తుంది. బస్సు ఎన్ని గంటలకు, ఎక్కడికి, ముసలివాళ్ళని మోసుకొచ్చేది ఎవరు, గొడ్ల పలుపులు విప్పేశారా, ఆధారు కార్డూ రేషను కార్డూ పాసుబుక్కూ పాలిథిన్ కవరులో చుట్టి మొలకు కట్టుకున్నారా అన్నవే ఆ మైకులో వినపడాలి. రామాలయం మైకు, మసీదు మైకు, మందిరం మైకు ఆ ఒక్క రోజుకి ఒకే మాట పలకాలి. పట్టపుపాళెంలో పెద్దలైన కాపులకు చెబితే పాళెమంతా కదులుతుంది. వాళ్ళు గంగమ్మను కొలుచుకుంటారు, మీరు క్రీస్తును. పోయి ముందే మాట్లాడి పెట్టుకోవడానికి అది అడ్డం కాదు.

ఇక గాలి ఆగాక చేసే సాయం సంగతి. ఆ సాయానికి మతాన్ని ధరగా కట్టే జబ్బు గురించి చెప్పాలంటే నూట యాభై ఏళ్ళు వెనక్కి పోవాలి. ఈ ప్రాంతపు క్రైస్తవులు తమ తాతల కథను సగమే చెప్పుకుంటున్నారని మా అనుమానం.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మిషను పెట్టాడు. పాతికేళ్ళు గడిచినా విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. 1865లో అదే మిషనుకు జాన్ ఎవరెట్ క్లౌ వచ్చాడు, మరుసటి ఏడు ఒంగోలు చేరాడు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. 1876లో వానలు తప్పాయి. ఆ తర్వాతి రెండేళ్ళ కరువు మద్రాసు రాజధానిలో లక్షల మందిని మింగింది. గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు హయాంలో కరువు పనిగా తీరం వెంట కాలువ తవ్వకం సాగింది. కుర్రతనంలో అమెరికాలో సర్వే పని నేర్చిన క్లౌ దొర అందులో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. బోధకుల్ని మేస్త్రీలుగా నిలబెట్టాడు. ఎముకలు తేలిన మాదిగపల్లెలు తట్టా పారా పట్టుకుని కాలువ గట్టు మీదికి వచ్చాయి. పని చేశాయి, కూలి తీసుకున్నాయి, బతికాయి.

ఇక్కడి దాకా అందరూ చెబుతారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి ఇంకా ఉత్సాహంగా చెబుతారు. ఆ రెంటి మధ్య జరిగిందే ఎవరూ చెప్పరు. కరువు పని సాగినన్నాళ్ళూ, పదిహేను నెలల పాటు, క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళు లేక కాదు, వేలమంది అడిగారు. తిండి చేతిలో ఉన్నవాడు మతం ఇస్తే పుచ్చుకునేవాడి మనసు ఎవరికి తెలుస్తుందని ఆయన భయం. సాయం డబ్బు అయిపోయింది, ఇక ఇవ్వడానికేమీ లేదు అని తేల్చి చెప్పాకే బాప్తిస్మాలు మొదలుపెట్టించాడు. అప్పటికీ ఆయన్ని అనుమానించినవాళ్ళు ఉన్నారు, సొంత మిషను వాళ్ళలోనూ ఉన్నారు. ఆ అనుమానానికి ఆయన దగ్గర ఒక జవాబంటూ ఉందంటే అది ఆ పదిహేను నెలలే.

ఆయన చనిపోయాక 1914లో ఆయన జీవితకథ పుస్తకంగా వచ్చింది. దానికి రూపమిచ్చింది ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. అమెరికాలో సామాజిక సువార్త అనే ఉద్యమానికి పెద్ద పేరు తెచ్చిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు ఆమె సొంత అక్క. కూలి, కూడు, గుడిసె కూడా సువార్తలో భాగమేనని అక్కడ పుస్తకాల్లో వాదించుకుంటున్న సంగతి ఇక్కడ అంతకు ముందే తట్టలకెత్తారు.

ఆ కాలువకు తర్వాతి కథ కూడా ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ నీళ్ళు ఎగబడినప్పుడు, పెదగంజాం నుంచి చెన్నై దాకా చాలా చోట్ల బకింగ్‌హామ్ కాలువే ఆ నీళ్ళను తనలోకి తీసుకుని వెనకున్న ఊళ్ళను కాచిందని శాస్త్రవేత్తలు రాశారు. కరువులో తవ్వినవాళ్ళకు అది ఎవర్ని కాపాడబోతోందో తెలియదు. కాపాడింది ఎక్కువగా వేరే కులంవాళ్ళని, వేరే దేవుణ్ణి కొలిచేవాళ్ళని.

అందుకని ఈసారి బియ్యం మూట ఇచ్చేటప్పుడు దాని మీద కరపత్రం పెట్టొద్దు. ముందు ప్రార్థన, తర్వాత పంపకం అని వరసలో కూర్చోబెట్టొద్దు. ఆకలిగా ఉన్నవాడు ఆమెన్ అంటే ఆ ఆమెన్ బియ్యానిదే. పుచ్చుకునే చేతిని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం కూడా మానండి. దాతలకు రుజువు కావాలంటే రసీదు పుస్తకం చూపించండి, ముఖాలు చూపించొద్దు. నీళ్ళల్లో నిలబడి దుప్పటి అందుకునే ఆడమనిషికి తన బొమ్మ ఎవరి గోడ మీద పడుతుందో అడిగే ఓపిక ఉండదు. ఇది మతం మీద అభాండం వేసేవాళ్ళకు భయపడి చెప్తున్న మాట కాదు. అభాండం వేసేవాళ్ళు ఎలాగూ వేస్తారు. మతం పేరుతో సాయాన్ని గడపలోనే ఆపేసేవాళ్ళ పాపం వాళ్ళది, దానికి వేరే సంపాదకీయం రాస్తాం.

ఇవ్వడంలో ఎవరు మిగిలిపోతున్నారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. యెరూషలేములో మొదటి సంఘానికి వచ్చిన మొదటి తగాదా సిద్ధాంతం మీద కాదు, రోజూ పెట్టే అన్నం మీద. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు వడ్డన అందడం లేదని సణుగుడు పుట్టింది. అపొస్తలులు ఆ సణుగుడును తోసిపుచ్చకుండా, ఏడుగురిని ఏరుకోమని సంఘానికి చెప్పి, వాళ్ళకు ఆ పని అప్పజెప్పారు. మన తీరాన ఆ వడ్డన అందనివాళ్ళు యానాదులు. రొయ్యల గుంటల కాపలాకి గట్ల మీదే గుడిసె వేసుకుంటారు. ఊరి పేరు ఒకటి, ఉండేది మరోచోట. చాలామందికి ఆధారు లేదు, ఉన్నా అడ్రసు కలవదు. నీళ్ళు వస్తే వాళ్ళ గుంట గట్టే ముందు తెగుతుంది, నష్టం రాసుకునే వీఆర్వో వచ్చేసరికి గుడిసె ఉండదు, గుడిసె లేదు కాబట్టి నష్టం లేదు. వరద తర్వాత వాళ్ళకు బియ్యం మూటకన్నా అవసరమైంది అర్జీ రాసిపెట్టే మనిషి. ఇంటరు చదివిన ప్రతి యవ్వనస్తుడూ ఆ పని చేయగలడు. తుఫానుకి ముందే గుంటల వెంట పోయి ఏ గట్టు మీద ఎన్ని కుటుంబాలున్నాయో రాసుకుని, ఫోన్లో గుడిసెల ఫోటోలు తీసి తారీఖుతో దాచండి. ఫోటో పనికొచ్చే చోటు అది.

ఇదంతా సర్కారు చేయాల్సిన పని కదా అనేవాళ్ళుంటారు. నిజమే, సర్కారుదే. సర్కారు చేయాల్సింది జనానికి అందేలా వెంటబడటం సంఘం పని.

డబ్బు దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. తుఫాను కన్నా ముందు తీరానికి చేరేవి క్యూఆర్ కోడ్లు. ఫలానా పాళెంలో అనాథలు, ఫలానా మందిరం కూలింది అని ఎప్పటివో ఫోటోలు పెట్టి వసూలు చేసేవాళ్ళు ప్రతి వరదకూ పుడతారు. వాళ్ళలో బైబిలు పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, ఒప్పుకుందాం. మోసపోయారని తెలియగానే సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసినప్పుడు ఆ మూట ఒంటరిగా మోయలేదు. ఎవరూ వేలెత్తి చూపకూడదని సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని వెంట పెట్టుకున్నాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో ఆ ఏర్పాటు ఉంది. అంతటి పౌలుకే సాక్షులు కావాల్సి వస్తే మన కాపరిగారి సొంత ఫోన్ పే నంబరు చాలదు. ఇద్దరు సంతకం పెట్టే ఖాతా, అందులో ఒకరు స్త్రీల సమాజం నుంచి, లెక్క మందిరం తలుపు మీద అంటించడం, ఇంతే.

దుబాయి నుంచో డల్లాస్ నుంచో బంధువులు పంపే డబ్బుకీ, విదేశీ సంస్థ ఇచ్చే విరాళానికీ చట్టంలో తేడా ఉంది. విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ డబ్బు దిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకున్నది ఇంకో సంస్థకు పంచిపెట్టడం కూడా కుదరదు. అవసరంలో ఉన్నాం కదా అని కాపరి భార్య ఖాతాలో వేయించుకుంటే తర్వాత జైలు మెట్లు చూడాల్సి వస్తుంది. పైగా బయటి చేయి ఎప్పుడు ఆగుతుందో మన చేతిలో లేదు. పిల్లల్ని చదివించిన కంపాషన్ ఇంటర్నేషనల్ 2017 మార్చిలో దేశంలో పని ముగించుకుంది. లక్షకు పైగా పిల్లల పేర్లు ఆ జాబితాలో ఉండేవి. మన తల్లులు అన్నం వండేముందు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోసేవాళ్ళు, ఆదివారం మందిరానికి తెచ్చేవాళ్ళు. ఆ డబ్బా మళ్ళీ వంటింట్లోకి రావాలి. దానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు.

నీళ్ళు తీశాక చావులు వేరే దారిన వస్తాయి. పుట్టల్లో నీళ్ళు నిండితే పాములు ఇళ్ళలోకి, కట్టెల కిందికి, ఆరేసిన దుప్పట్లలోకి చేరతాయి. కట్లపాము కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. ప్రార్థన నూనె రాసి పడుకోబెడితే తెల్లారేసరికి శ్వాస ఆగుతుంది. కరిచినచోట కోయొద్దు, బిగించి కట్టొద్దు, నడిపించొద్దు, మోసుకుని 108లో ఎక్కించండి. విరుగుడు మందు ఉండేది ఆసుపత్రిలో. పోయేదారిలో బండిలో ఎంతైనా ప్రార్థించండి. స్వస్థత కూడికలో సాక్ష్యాలు చెప్పించే కాపరులు ఈ ఒక్క మాట మైకులో పదే పదే చెబితే, ఆ ఊరికి వాళ్ళు చేసిన మేలు ఇంకొకటి ఉండదు. బోరు మునిగి ఉంటే ఆ నీళ్ళు మరగబెట్టకుండా, క్లోరిన్ మాత్ర వేయకుండా తాగొద్దు. విరేచనాలు పట్టిన పిల్లకి ఓఆర్ఎస్ ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. తెగిపడిన కరెంటు తీగ దగ్గరికి లైనుమన్ వచ్చేదాకా ఎవర్నీ పోనివ్వొద్దు, గొడ్డు పడిపోయి కనపడినా సరే.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనల సమయంలో పాట తగ్గించి అరగంట తీసుకోండి. మీ ఊరికి దగ్గర షెల్టరు ఏది, దాని తాళం ఎవరి దగ్గరుంది, ఆ తాళం పడుతుందో లేదో ఇద్దరు కుర్రాళ్ళు పోయి తిప్పి చూసి రావాలి. మంచం దిగలేనివాళ్ళు, నెలలు నిండినవాళ్ళు, డయాలసిస్‌కి పోయేవాళ్ళు ఎవరెవరో పేరుపేరునా రాయండి, సంఘస్తులా కాదా అని చూడకుండా ఊరంతటికీ రాయండి. ఒక్కో పేరు పక్కన మోసే మనిషి పేరు రాయండి. జనరేటరుకి డీజిలు క్యానుల్లో పట్టి పెట్టండి, మైకు బ్యాటరీ చార్జి చేయించండి. మందిరం గోడ మీద వాక్యం రాసిన చోటు పక్కనే పెద్ద అక్షరాలతో విపత్తుల సంస్థ నంబర్లు రాయించండి: 1070, 112, 18004250101.